ఎత్తని వేలు

"నాకు తెలిసింది నీకు, నీకు తెలిసింది నాకు. మన మధ్య దాపరికం ఉండకూడదు," అన్నాడు జోసెమ్.

రోలీన్ తలూపింది. ఇద్దరూ నల్ల ఇసుకలో అరచేతులు అద్ది ఒట్టు పెట్టుకున్నారు.

జోసెమ్ ఆమెకు పెదనాన్న కొడుకు. ఎవరైనా గీస్తుండగా ఒక్కసారి చూస్తే ఆ దారి వాడి మనసులోంచి చెరగదు. రోలీన్‌ది వేరే పద్ధతి. బొమ్మలో గీతలు కలిసే ప్రతి చోటా గీతకో గులకరాయి పెట్టి లెక్కపెడుతుంది. బేసి సంఖ్య వచ్చే చోట్లు రెండే ఉంటే, వేలు ఎత్తకుండా గీయడానికి ఒకచోట మొదలుపెట్టి రెండోచోట ముగించాలి. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చిన్నప్పటి నుంచి ఇసుకలో వేలు పెట్టి ఆడుకుంటూ తనే కనిపెట్టింది.

పసిఫిక్ సముద్రంలోని ఆంబ్రిమ్ దీవిలో వాళ్ళ ఊరికంతటికీ ఇసుక బొమ్మల పెద్ద బోంగ్ తాత. చూపు మసకేసిన దగ్గర్నుంచి బొమ్మలన్నీ మనవలకు పంచేస్తున్నాడు. ఎవరికి ఇస్తే ఆ బొమ్మ వాళ్ళది. వాళ్ళు ఒప్పుకోకుండా ఇంకెవరూ గీయకూడదు. ఇప్పుడు ఆయన దగ్గర మిగిలింది తాబేలు ఒక్కటే. రోలీన్‌కు ఇంతవరకూ ఒక్క బొమ్మా రాలేదు. ఇది చేజారితే ఇక రాదు.

కిందటి ఆదివారం ప్రార్థన అయ్యాక తాత పిల్లలందరినీ వెనక్కి తిరిగి కూర్చోమన్నాడు. తాబేలును గీశాక చూడమన్నాడు. మధ్యాహ్నమంతా ఉంచి సాయంత్రం చెరిపేశాడు.

"వేలు ఎత్తకూడదు. గీసిన గీత మీద మళ్ళీ పోకూడదు," అన్నాడు. "వచ్చే ఆదివారం నా ముందు ఎవరు గీస్తే వాళ్ళదే తాబేలు. ఈలోగా ముక్కలు ముక్కలుగా ప్రయత్నించుకోండి. మొత్తం మాత్రం గీయొద్దు. ఆ రోజు మధ్యలో చిక్కుకున్నవాడికి ఇక జన్మలో తాబేలు లేదు."

"ఇద్దరం కలిసి గీయొచ్చా తాతా?" అడిగాడు జోసెమ్.

"ఒకరి వేలు ఆగిన చోట రెండోవారి వేలు ఉండాలి. అలాగైతే ఇద్దరిదీ. నాలుగు కాళ్ళున్నాయిగా, తలా రెండు పంచుకోండి."

అలా కుదిరింది ఒప్పందం. తల నుంచి డిప్ప మధ్య దాకా రోలీన్. అక్కడి నుంచి తోక దాకా జోసెమ్.

బుధవారం బడి అయ్యాక రోలీన్ తీరంలో కూర్చుని తన సగం గీసి చూపించింది.

"చూడు అన్నయ్యా. మెడ దగ్గర మొదలు. ముందు కాళ్ళు చుట్టి, తల తిరిగి, ఇదిగో, డిప్ప మధ్యలోకి."

జోసెమ్ ఒక్కసారే చూశాడు. "గులకరాళ్ళ పిచ్చిదానివి అనుకున్నా. బుర్రంటే నీదే."

"మరి నీ సగం?"

"వెనక కాళ్ళ దగ్గర చిక్కుపడిందే. రేపు."

గురువారం కూడా రేపే అన్నాడు. శుక్రవారం చేపలకు పోయాడు. శనివారం రోలీనే వాళ్ళింటికి వెళ్ళింది.

"ఏమిటే నీ తొందర? నేనేమన్నా పడవెక్కి పారిపోతున్నానా?" అని నవ్వాడు జోసెమ్.

వాళ్ళ వంటపాక వెనక నేల మీద గీతలు ఉన్నాయి. కాలితో తుడిచేసినట్టున్నాయి. అయినా తోక కొస మిగిలి ఉంది. చిక్కు విప్పేసిన వేలు గీసిన తోక అది, తడబాటు లేదు. రోలీన్ ఇంటికొచ్చేసింది. ఆ పూట అమ్మ అరటాకుల్లో ఉడికించిన దుంపల లాప్‌లాప్ పెడితే సగం వదిలేసి లేచింది.

ఆదివారం అందరూ తాత చుట్టూ చేరారు. జోసెమ్ ముందుకొచ్చాడు.

"నేనొక్కడినే గీస్తా తాతా."

"చెల్లెలితో కలిసి అన్నావు కదరా?" అంది మార్తా అత్త.

"దానికి ఏమీ తేలలేదత్తా. పాపం వారమంతా గులకరాళ్ళు ఏరుకుంది."

అందరూ నవ్వారు. రోలీన్ తన అరచేతిని చూసుకుంది. ఒట్టు పెట్టిన చెయ్యి. దాన్ని గౌనుకు రుద్దుకుంది. కళ్ళు నిండుతున్నా రెప్ప వేయలేదు.

జోసెమ్ మెడ దగ్గర వేలు పెట్టాడు. ముందు కాళ్ళు, తల, డిప్ప మధ్య. అంతా ఆమె చూపించినట్టే, ఒక్క వంపు తేడా లేకుండా. అక్కడ ఆగలేదు. వెనక కాళ్ళు వచ్చాయి. డిప్ప అంచు వచ్చింది. వేలు తోక కొసకు చేరింది.

ఎడమ కన్ను నుంచి మెడకు వచ్చే ఒక చిన్న గీత మిగిలిపోయింది.

దాన్ని అందుకోవాలంటే వేలు ఎత్తాలి. జోసెమ్ మొహం మాడిపోయింది.

"ఇది... ఇది నా సగంలోది కాదు," అన్నాడు.

"నీ సగమా?" అత్త ఆ మాట పట్టుకుంది. "మరి ఇంకో సగం ఎవరిదిరా?"

ఎవరూ నవ్వలేదు. తాత వంగి, బొమ్మను అరచేత్తో చెరిపేశాడు.

"వీడికి తాబేలు లేదు. రోలీన్, ఇటు రామ్మా. వీడు నిన్ను మోసం చేశాడా?"

"నా సగం చూసుకుని తన సగం దాచుకున్నాడు తాతా." ఆమె అరచెయ్యి చాపి చూపించింది. "ఒట్టు పెట్టి మరీ."

అత్త ఆమెను దగ్గరకు తీసుకుంది. జోసెమ్ తలెత్తలేదు.

"వాడు గీస్తుంటే చూశావుగా, మిగతాది గుర్తుందా?" అడిగాడు తాత.

"ఉంది."

రోలీన్ కళ్ళు తుడుచుకుని ఇసుక ముందు కూర్చుంది. మెడను వదిలేసి ఎడమ కన్ను మీద వేలు ఆనించి, తొలిరోజే గులకరాళ్ళు పట్టిచ్చినా బుధవారం జోసెమ్‌కు చూపించకుండా దాచుకున్న ఆ చిన్న గీతతో మొదలుపెట్టింది.