మేష్టారి కాంగాలు

"మేష్టారు పోయాక వీటిని ఎవరూ ముట్టుకోలేదు కదమ్మా?"

"బయటివాళ్లెవరూ ముట్టుకోలేదు బాబూ," అంది మేష్టారి భార్య.

భూతద్దం ఆ మాట నమ్మలేదు. అతను దేన్నీ అంత తొందరగా నమ్మే రకం కాదు. అతనిది వాచీలు బాగుచేసే షాపు. జేబులో ఎప్పుడూ భూతద్దం ఉంటుందని స్నేహితులు ఆ పేరు పెట్టేశారు. పాత ఫైబర్‌గ్లాస్ కాంగాలంటే అతనికి పిచ్చి. నడుమెత్తున పీపాల్లా నిలబడే, రెండు చేతులా వాయించే ఆ డ్రమ్ములను ఇంటినిండా పేర్చుకున్నాడు. పాతవని చెప్పి కొత్తవి అంటగట్టినవాళ్ల చేతిలో చెయ్యి కాలాక, సొంత తమ్ముడు తెచ్చిచ్చినా బోర్లించి చూడందే తీసుకోవడం లేదు.

ఇవాళ వచ్చింది మాత్రం మామూలు బేరానికి కాదు. మేష్టారి వాయింపు విని విని క్యాసెట్లు అరగదీసినవాడతను. మేష్టారు ఏనాడూ స్టేజి ఎక్కలేదు. పాటలవాళ్లు టేపు పంపితే, ఈ గదిలోనే తలుపులు మూసుకుని కాంగా వాయింపు జోడించి ఇచ్చేవారు. ఒకసారి ఎవరో కచేరీకి పిలుద్దామని వస్తే, "ఎదురుగా మనిషి ఉంటే నా చెయ్యి ఆడదయ్యా" అని గుమ్మంలోంచే పంపేశారు. ఆయన వాయించిన తోలు మీద ఒక్కసారి చెయ్యి వెయ్యాలన్నది భూతద్దం ఏళ్లనాటి కోరిక. ఇవి అవే అయితే ఎంతైనా ఇస్తాడు. అవే అయితేనే.

"అసలు ఎందుకమ్మా అమ్మడం?"

"మా అమ్మాయి దగ్గరకు వెళ్లిపోతున్నాను. వాళ్ల అపార్ట్‌మెంట్లో చప్పుడు పనికిరాదట."

మూలన కూర్చునే డ్రమ్ములకు చప్పుడెక్కడిది? భూతద్దానికి మొదటి అనుమానం అక్కడే తగిలింది.

గోడలకు పాత పరుపులు బిగించిన ఆ గదిలో మూడు ఎర్రటి కాంగాలు ఒద్దికగా నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని బోర్లించి లోపలికి తొంగిచూశాడు. లోపలి గాజుపీచు అసలుదే. పైన రంగూ అసలుదే. వస్తువు పాతదనడంలో సందేహం లేదు. నిలబెట్టి, వేళ్లతో మూడింటినీ వరసగా తట్టాడు.

మూడూ ఒకదానికొకటి అతికినట్టు శ్రుతిలో పలికాయి.

అతని కనుబొమలు ముడిపడ్డాయి. ఫైబర్ గుల్ల ఎండకూ వానకూ చెక్కుచెదరదు గానీ తోలు అలా కాదు. ఒక్కరోజు ముసురు పట్టిందంటే శ్రుతి ఎటో పోతుంది.

"వీటిని ఎవరో ఈమధ్య బిగించారు."

"పొద్దున నేనే బిగించాను. మీరొస్తున్నారు కదా. పానా పట్టుకుని నట్లు తిప్పడం ఏమంత బ్రహ్మవిద్య?"

"మరి శ్రుతి?"

"ఇన్నేళ్లు వినలేదూ!"

జవాబులు నాలుక చివరే పెట్టుకున్నవాళ్లంటే అతనికి మొదట్నుంచీ గిట్టదు. ఆమె మంచినీళ్లిచ్చింది. గ్లాసు అందుకుంటుంటే ఆమె వేళ్లు తగిలాయి. అట్టముక్కల్లా గరుకుగా ఉన్నాయి. ఇంటిచాకిరీ అంతా ఈవిడ ఒంటిచేత్తో లాక్కొచ్చినట్టుంది పాపం, అనుకున్నాడు. జాలి వేరు, బేరం వేరు. గ్లాసు పక్కనపెట్టి భూతద్దం తీశాడు.

ఏళ్ల తరబడి వాయించిన తోలు, దెబ్బ పడేచోట నల్లబడి నునుపెక్కుతుంది. ఆ నలుపు మీద తన అరచెయ్యి పరిచి చూశాడు. నలుపు అతని చేతికింద పూర్తిగా దాగిపోయింది. తలెత్తి గోడ మీది ఫొటో చూశాడు. కాంగాల వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు మేష్టారు. తల గుమ్మానికి తగిలేంత ఎత్తు. చేటలంత చేతులు.

"ఆయన కూర్చునే స్టూలు ఏదమ్మా?"

"ఈ కాంగాలకు మొదట్నుంచీ ఇదే," అంటూ ఒక పొట్టి స్టూలు చూపించింది.

"దీని మీద కూర్చుంటే మేష్టారి మోకాళ్లు గడ్డానికి తగులుతాయి!"

ఆమె ఫక్కున నవ్వింది. భూతద్దానికి ఒళ్లు మండింది. వంగి, మోకాళ్లు ఒరుసుకుని ఎర్రరంగు పోయిన చోటు వెతికాడు. అనుకున్నట్టే అదీ బాగా కిందికి ఉంది. ఇక ఉండబట్టలేకపోయాడు.

"తప్పుగా అనుకోకండమ్మా. ఇవి మేష్టారివి కావు. ఎవరో పొట్టిమనిషి, చిన్న చేతులతో ఏళ్లపాటు వాయించినవి. ఆయన పేరు చెబితే ధర పలుకుతుందని మీకెవరు నూరిపోశారు?"

ఆమెకు కోపం రాలేదు. పైగా మొహం విప్పారింది.

"ముందు వచ్చినవాళ్లంతా ఫొటో చూసి మురిసిపోయి, ధరెంతని అడిగారు. ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. తోలు చూసింది మీరొక్కరే బాబూ."

"అంటే ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకోక! ఇవి ఆయనవి కావు."

భూతద్దం నీరుగారిపోయాడు. మేష్టారి భార్యే మేష్టారి పేరు అమ్ముకుంటోందంటే అతనికి ఏడుపొచ్చినంత పనైంది. భూతద్దం జేబులో వేసుకుని లేచాడు.

"మరి క్యాసెట్లలో పలికిన కాంగాలు ఏమయ్యాయమ్మా? కనీసం అదైనా నిజం చెప్పండి."

"ఏమవుతాయి? అవి ఇవే."

"ఇప్పుడే కదా ఆయనవి కావన్నారు!" గొంతు హెచ్చింది అతనికి. "మాట మారిస్తే ఎలా? ఆయన ఇంత కాలం ఈ గదిలో తలుపులు వేసుకుని చేసిందేమిటి మరి?"

ఆమె పొట్టి స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుంది.

"రికార్డరు మీట నొక్కేవారు."