విల్లా చేతికి చుక్కాని

"కెప్టెన్‌ని బతికించండి. బతికించేదాకా ఇక్కణ్ణుంచి కదలను," అంటూ కేలమ్ మెకాస్కిల్ కాగితాల కట్టను బల్ల మీద దబ్బున పడేశాడు.

నలభై ఒక్క వేల సంతకాలు. గ్లేస్ బే నుంచి హాలిఫాక్స్‌లోని ఈ గేమ్ కంపెనీ ఆఫీసు దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. పక్కన అక్క ట్రీనా డొనేర్ మాంసం రొట్టె పొట్లం విప్పి తింటోంది.

'పొగమంచు రేవు' మొదటి వీడియో గేమ్‌లో కెప్టెన్ ఓరిన్‌కి ఎదురు లేదు. పద్నాలుగేళ్లకు రెండో భాగం వచ్చింది. అందులో ఇంకో గంటలో ఆట అయిపోతుందనగా కెప్టెన్‌ని అల మింగేస్తుంది. చుక్కాని ఆయన పెంచిన విల్లా అనే అమ్మాయి చేతికి వస్తుంది. అక్కడే అభిమానులు భగ్గుమన్నారు.

కథ రాసిన నోరా పెట్రీ మొదటి కాగితం చూసింది. మొదటి సంతకం మీద ఆమె వేలు ఆగింది.

"ఇది మీరేనా? గ్లేస్ బే?"

"నేనే. అసలు ఈ చావు ఏ బుర్రలేని వాడికి తోచింది? మీకేనా?"

"నాకు కాదు. అది ఎవరికి తోచిందో ఆ పేరు ఆట చివర్లో పడుతుంది. చూడలేదా?"

"చివరిదాకా ఎవడాడాడు? కెప్టెన్ పోగానే కట్టేశాను."

"టీవీ మీదకి చెప్పు కూడా విసిరాడండీ," అంది ట్రీనా నములుతూనే. "తగల్లేదు. వీడికి గురి తక్కువ."

నోరా నవ్వలేదు. కంట్రోలర్ తెచ్చి అతని ముందు పెట్టింది.

"వచ్చే వారం ఆటలో మార్పులు చేస్తున్నాం. నిర్ణయం నాకే వదిలేశారు. మిగిలిన గంటా ఆడండి. అప్పుడు కూడా బతకాలి అంటే బతికిస్తాను. మాట."

కేలమ్ కసిగా అందుకున్నాడు.

తెర మీద తుఫాను. కెప్టెన్ ఎప్పుడూ చుక్కాని ముట్టుకోనివ్వని విల్లా ఇప్పుడు రెండు చేతులా దాన్ని పట్టుకుంది. ఓడ ఒరిగితే కేలమ్ కూడా ఒరుగుతున్నాడు. పొగమంచులోంచి నల్లగా రాళ్లు లేచాయి.

"ఎడమకి తిప్పరా. ఎడమంటే అటు కాదు. ఇటివ్వు, నీకు రాదు."

"ఇవ్వను. నువ్వు తిను."

"చిన్నప్పట్నుంచీ అంతే, మునిగేదాకా వదలడు."

ఆఫీసు ఆఫీసంతా వాళ్ల వెనక చేరింది. ఎక్కడో రేవు గంట మోగింది. కేలమ్ చెవి అటు పెట్టి, రాళ్లను చూడడం మానేసి, గంట మోగిన వైపే తిప్పాడు. అల లేచింది. ఓడ లేచింది. మరుక్షణం దీపాలు, రేవు, నిలకడ నీళ్లు.

కేలమ్ కుర్చీ తన్నేసి లేచాడు. "అక్కా, చూశావా? నేనే తెచ్చాను. ఒక్కణ్ణే తెచ్చాను."

ట్రీనా తినడం ఎప్పుడో మర్చిపోయింది.

"ఇప్పుడు చెప్పండి," అంది నోరా. "కెప్టెన్‌ని బతికించమంటారా?"

అతను కాగితాల కట్ట వంక చూశాడు. తర్వాత తెర మీద, చుక్కాని ఇంకా వదలని విల్లా వంక చూశాడు.

"ఆయన బతికితే ఈ చుక్కాని ఆయనకే ఇచ్చెయ్యాలి కదా?"

"ఇచ్చెయ్యాలి."

"అయితే వద్దులెండి." కట్టను మెల్లగా తన వైపు లాక్కున్నాడు. "కానీ ఆ పేరు మాత్రం చూడాల్సిందే. ఆ మనిషిని కలిసి నాలుగు మాటలు అనాలి."

పేర్లు వరసగా పైకి పాకాయి. అన్నీ అయ్యాక గీతల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద రాసిన పాత ఉత్తరం ఒకటి తెరంతా పరుచుకుంది. రంగు పెన్సిల్‌తో గీసిన ఓడ, కింద వంకర అక్షరాలు:

"రెండో ఆటలో కెప్టెన్ చచ్చిపోవాలి. లేకపోతే పాపం విల్లాకి చుక్కాని ఎప్పుడూ ఇవ్వడు. మా అక్క కూడా నాకు కంట్రోలర్ ఇవ్వదు. ఇట్లు, కేలమ్ మెకాస్కిల్, వయసు తొమ్మిది, గ్లేస్ బే."