పొన్నూరు మనిషి

ఎవరో బక్కపలచని ఆడమనిషి కరీమున్‌ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మాట్లాడుతోంది.

మిరప కల్లంలో తొడిమలు తీస్తున్న సైదాబీ అది చూసింది. చేతిలో కాయలు పారేసి పరుగెత్తింది. కూతుర్ని లాక్కుని వెనక దాచుకుంది.

"ఎవరు నువ్వు? నా బిడ్డతో నీకేం పని?"

"ఊరికే... చూద్దామని వచ్చానమ్మా."

"ఏ ఊరు?"

ఆమె తటపటాయించింది. "పొన్నూరు."

సైదాబీకి అరికాలి మంట నెత్తికెక్కింది. పొన్నూరంటే హయాత్ ఊరు. తలాకు చెప్పి, మళ్ళీ పెళ్ళాడి, ఇన్నాళ్ళూ ఇటు తొంగిచూడనివాడు ఇప్పుడు కూతురు కావాలంటున్నాడు. శుక్రవారం ప్రత్తిపాడు మసీదులో పంచాయితీ. ఈలోపే పిల్లను ఎత్తుకు రమ్మని మనిషిని పంపాడన్నమాట!

"ఏమడిగిందే నిన్ను?"

"ఎవరన్నా గట్టిగా అరిస్తే భయపడతావా అనడిగిందమ్మా," అంది కరీమున్.

"విన్నారా! పిల్ల నోరెట్టా నొక్కాలా అని ఆరా తీస్తంది!"

తోటి కూలీలు చేటలు పట్టుకుని లేచారు.

"నన్నెవరూ పంపలేదమ్మా."

"నడు ముందు! మళ్ళీ ఇటొచ్చావంటే కళ్ళల్లో కారం కొడతా!"

సైదాబీ ఆమె రెక్క పట్టుకుని రోడ్డు మీదికి నెట్టింది.

పడబోయి నిలదొక్కుకుని, ఆమె ఒక్క మాటే అంది. "పిల్లను మాత్రం ఎవరికీ ఇవ్వబోకు."

ఆ మాట కూడా ఏదో ఎత్తుగడలాగే వినిపించింది సైదాబీకి.

ఆనాటి నుంచి బిడ్డను కొంగున కట్టుకున్నట్టే తిరిగింది.

శుక్రవారం మసీదు బయట అరుగు మీద తల్లీకూతుళ్ళిద్దరూ కూర్చున్నారు. లోపలి నుంచి హయాత్ గొంతు దర్జాగా వినిపిస్తోంది.

"కూలికి పోయేదాని దగ్గర నా బిడ్డ ఎందుకుండాలి? నా ఇంట్లో ఆడదిక్కుంది."

సైదాబీ కరీమున్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కాసేపటికి హయాత్ మొహం గంటు పెట్టుకుని విసవిసా వెళ్ళిపోయాడు. వెనకే పెద్దమనిషి గౌస్ బాషా బయటికి వచ్చాడు.

"పిల్ల నీ దగ్గరే ఉంటుందమ్మా."

సైదాబీ నమ్మలేకపోయింది. "ఆయన ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకోక ఏం చేస్తాడు! పొద్దున ఒకామె మా ఇంటికొచ్చి ఇంట్లో అరిచి కొడతాడని అతని బండారమంతా చెప్పింది. మేం అతన్ని ఎదురుగా అడిగితే కాదనలేకపోయాడు. పిల్లను కల్లంలో చూశానంది. బెదురంటే తెలియకుండా పెరుగుతోంది, అట్టాగే పెరగనివ్వండి అంది."

సైదాబీ అరుగు మీంచి లేచింది. "బక్కగా... పొన్నూరు మనిషా?"

"ఆవిడే."

"ఎక్కడుందండీ? నేను కనపడాలి."

"ఒంగోలు బస్సెక్కింది. అక్కడెవరున్నారమ్మా అంటే, ఎవరూ లేరంది."

"అసలెవరండీ ఆమె?"

గౌస్ బాషా తల దించుకున్నాడు.

"హయాత్ రెండో పెళ్ళాం ఖాదర్‌బీ అమ్మా... ఇందాక లోపల ఆమెకీ తలాకు చెప్పి పోయాడు."