ఆరు డబ్బాలు

"మేమిచ్చిన ఈ బలం పౌడర్ ఎవరు తాగుతున్నారు?" నర్సు ఖాళీ డబ్బాలను వరసగా బల్ల మీద పెట్టింది. ఆరున్నాయి.

"అమ్మే తాగుతోందండీ. మూడు పూటలా నా చేత్తోనే కలిపిస్తున్నాను," అంది కూతురు.

"ఆసుపత్రి నుంచి పంపినప్పుడు ముప్పై తొమ్మిది కిలోలు. ఇప్పుడే తూచాను, ముప్పై ఎనిమిది. తాగిందంతా ఎటు పోయినట్టు?"

కూతురు ఒక డబ్బా తీసి అడుగు దాకా చూసింది. మంచం మీద ముసలావిడ తనకేమీ పట్టనట్టు దుప్పటి అంచు సర్దుకుంటోంది. నర్సుకు ఒళ్ళు మండింది. మూడు వారాల కిందట ఈ మనిషిని ఆసుపత్రి పాలు చేసింది రోగం కాదు, సరైన తిండి లేకపోవడం. దొంగ చేతికి తాళాలిచ్చి పంపామనుకుంది.

"సాయంత్రం లోపల అంబులెన్స్ వస్తుంది. పెద్దావిడని తీసుకెళ్ళిపోతాం. మిమ్మల్ని నమ్మి ఇక్కడ ఉంచలేం."

"అంత మాటనకండి. అమ్మ లేకుండా నేను..." కూతురు మంచానికి అడ్డంగా వచ్చి నిలబడింది. "కావాలంటే మీ ముందే కలిపిస్తాను, చూడండి."

కలిపింది. ముసలావిడ రెండు గుక్కలు తాగి, "మంచినీళ్ళు" అంది. కూతురు వంటింట్లోకి పరుగెత్తింది. నర్సు అంబులెన్స్‌కు ఫోన్ చేద్దామని కిటికీ వైపు తిరిగింది. కిటికీ అద్దంలో ముసలావిడ కనిపిస్తోంది. ఆవిడ చేయి చాచి, గ్లాసులో మిగిలిందంతా పక్కన కూతురు సగం తాగి వదిలేసిన కాఫీలోకి వంచేసింది.

నర్సు గిరుక్కున తిరిగింది. "ఇదేం పని బామ్మగారూ? రోజూ ఇంతేనా?"

"మూడు పూటలా," అంది ముసలావిడ తొణక్కుండా.

నీళ్ళు తెచ్చిన కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఈ మధ్య కాఫీ చిక్కగా ఉంటే, పాలు మారాయేమో అనుకున్నాను," అంది వెర్రిమొహం వేసుకుని.

"ఎందుకిలా చేశారు? మీ ప్రాణం మీదికే తెచ్చుకుంటున్నారు, తెలుసా?"

"నాకు ఎనభై ఏడు. దీనికి అరవై తొమ్మిది. వచ్చినవాళ్ళంతా నన్ను తూచడమేగాని..." ముసలావిడ తూకం మిషన్‌ను కాలితో కూతురి వైపు నెట్టింది. "ఒక్కసారి దీన్నీ ఎక్కించు తల్లీ."

కూతురు వద్దు వద్దంటూనే మందపాటి స్వెటర్ విప్పి మిషన్ ఎక్కింది.

ముల్లు ముప్పై నాలుగు దగ్గర ఆగిపోయింది.