కౌంటు వారిమర్ మరణించిన ఏడాది

"నేను చచ్చిపోయానని రాశారట?"

కౌంటు వారిమర్ లువార్ నది ఒడ్డు బురద జోళ్లతోనే లోపలికి వచ్చాడు. బిషప్ ఎవోడియస్ రాతబల్ల మీంచి తల ఎత్తలేదు. పదిహేడేళ్లుగా ఆయన ఏడాదికో పుట చొప్పున దేశచరిత్ర రాస్తున్నాడు.

"రాశాను. కడుపు కుళ్లి, మూడు రోజులు నానా యాతన పడి పోయావు."

"మీ ఎదురుగా నిలబడి ఉన్నానండీ."

"కనిపిస్తూనే ఉంది. తప్పు నాది కాదు, నీది. పునీత మెరోలస్ సమాధిని పట్టుకుని శరణన్న మనిషిని నిరుడు ఈస్టర్‌కి గుడిలోంచి ఈడ్చుకుపోయావు. అలా చేసినవాడు మరో ఈస్టర్ చూడడని నా పుస్తకం మొదటి పుటలోనే ఉంది. ఈ ఈస్టర్ ముందురోజు దాకా నీ కోసం ఆగాను. నువ్వు చావలేదు. పునీతుడు మాట తప్పాడని రాయమంటావా?"

పుస్తకం తోలు పుటల మీద తప్పులు గీకే చిన్న కత్తి బల్ల మీద ఉంది. వారిమర్ దాన్ని బిషప్ ముందుకు తోశాడు.

"గీకెయ్యండి."

"తోలు పలచన. వెనకవైపు గుడ్డిదానికి చూపొచ్చిన కథ ఉంది. నిన్ను గీకితే దాని కళ్లు మళ్లీ పోతాయి."

"నవ్వులాట కాదండీ. మీ పుస్తకం నకలు రాజుగారికి చేరింది. నా పదవి ఇంకొకడికి ఇస్తానంటున్నాడు. నేను బతికే ఉన్నానని మనిషిని పంపితే, 'అయితే బిషప్పు రాసింది అబద్ధమా' అన్నాడట. మా ఆవిడ అప్పుడే నా గుర్రాన్ని తన తమ్ముడికి ఇచ్చేసింది."

బిషప్ కలం కింద పెట్టాడు.

"ఒక దారుంది. చచ్చినవాళ్లను లేపడం పునీతుడికి కొత్త కాదు."

"లేపమనండి."

"ఊరికే లేపుతాడా? నువ్వు గుడిలోంచి ఈడ్చుకుపోయిన ఆ రైతు, నీ వేటకుక్కను కొట్టిన మారినస్, ఇంకా నీ చీకటి కొట్లోనే ఉన్నాడు గదా?"

"వాడికి వచ్చేవారం చేతులు నరికిస్తున్నాను."

"సంకెళ్లు తీయించు. ఊరంతా చూస్తుండగా, జోళ్లు విప్పి, వాణ్ణి నువ్వే చెయ్యి పట్టుకుని సమాధి దాకా తీసుకురా. అక్కడ పడిపో. కాసేపాగి లే."

వారిమర్ పళ్లు కొరికాడు. "ఎంతసేపు పడుండాలి?"

"కీర్తన అయ్యేదాకా. పొడుగుది పాడొద్దని చెబుతాలే."

మర్నాడు మధ్యాహ్నం కౌంటు పడ్డాడు. కీర్తన అయింది. లేచాడు. జనం మోకాళ్ల మీద కూలబడ్డారు. మారినస్ మణికట్లు రుద్దుకుంటూ పెళ్లాం వెంట ఇంటికి నడిచాడు.

బిషప్ తన గదికి వచ్చి, కౌంటు మరణం కింద మిగిలిన జాగాలో 'పునీతుని కరుణచే లేచెను' అని చేర్చి, సిరా ఆరేదాకా ఊదాడు.

బిషప్ కింద పనిచేసే డీకన్ లూపిసిన్ తలుపు దగ్గర దగ్గాడు.

"అయ్యగారూ, బయట ఇంకో ఇద్దరు చచ్చినవాళ్లు కూర్చున్నారు. ఖైదీలను వెంటే తెచ్చుకున్నారు."