మోదుగుచెట్టు కింది రాళ్లు

"మళ్లీ తగ్గింది."

గుట్ట కొసన నిలబడి రమాకాంత్ పళ్లు కొరికాడు.

పోయిన ఆదివారం నడుం దాకా వచ్చిన రాళ్లకుప్ప ఇవాళ మోకాళ్ల దగ్గరే ఉంది.

"కోతులు పడేసినయేమో సార్," అంది సుకన్య.

"కోతులు పడేస్తే రాళ్లు ఈన్నే ఉండాలె కదమ్మా. ఏవి? ఎవడో ఎత్తుకపోతాండు."

రమాకాంత్ రిటైర్డ్ ఇంజినీరు. హన్మకొండలో ఆదివారం పూట గుట్టలెక్కే క్లబ్‌కు ప్రెసిడెంటు. సుకన్య స్కూలు టీచరు. క్లబ్‌లో ఆయన మాటకు తలూపకుండా మాట్లాడేది ఆవిడొక్కతే.

ఆ క్లబ్‌కు ఒక పద్ధతుంది. ఎక్కిన ప్రతి ఒక్కరూ కొసన ఒక రాయి పెట్టాలి. కుప్ప ఛాతీ ఎత్తుకు పెరిగితేనే ఆ గుట్టను గెలిచినట్టు. ఎక్కడో చలిదేశాల కొండల మీద అలా పేరుస్తారని ఆయన యూట్యూబ్‌లో చూసి పట్టుకొచ్చిన పద్ధతి.

చుట్టుపక్కల గుట్టలన్నీ గెలిచారు. ఇదొక్కటే లొంగడం లేదు.

ఎండాకాలంలో మొదటిసారి వచ్చినప్పుడు రమాకాంత్ ఇక్కడే కళ్లు తిరిగి పడిపోయాడు. ఎవరో మేకల కాపరి వీపున వేసుకుని సుకన్య కారు దాకా దించితే బతికాడు. ఆ కాపరికి కప్పాలని కొన్న శాలువా అప్పటినుంచీ బ్యాగులోనే ఉంది. ఎదురుపడితే కప్పుదామంటాడు. ఎదురుపడలేదు. ఊరు గుట్ట కిందే ఉంది, వెళ్లి అడగొచ్చు. దిగేసరికి అందరికీ టిఫిన్ గుర్తొస్తుంది.

వానలు తగ్గాక మళ్లీ వచ్చారు. గుట్ట మొదట్లో, మోదుగుచెట్టు కింద, నల్లరాళ్లు తయారుగా దొరికాయి. చేతికి ఇమిడే సైజు. ఎర్రబండ మీద ఫోటోలో బాగా కనబడతాయి కూడా. అప్పటినుంచీ ప్రతి ఆదివారం తలా ఒకటి మోశారు.

ఇప్పుడా కష్టాన్ని ఎవడో దోచుకుపోతున్నాడు. రమాకాంత్‌కు వారమంతా అన్నం సహించలేదు.

పై ఆదివారం ఎప్పటికంటే ముందే ఎక్కాడు. వద్దన్నా వినడని సుకన్య కూడా వెంట వచ్చింది.

దొంగ దొరికింది.

ఒక ముసలమ్మ. నెత్తిన సిమెంటు సంచి. సంచినిండా నల్లరాళ్లు.

"ఏయ్, ఆగు. సంచి దించు."

ఆమె దించలేదు.

"దించుమనేటందుకు నువ్వెవలు?"

"ఆ రాళ్లు మాయి."

"మీయా?" ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "ఇన్ని రోజుల సంది ఎతుకుతాన. దొంగలు మీరేనా?"

రమాకాంత్‌కు ఒళ్లు మండిపోయింది.

"దొంగతనం నువ్వు జేసి మమ్ముల అంటవా? పోలీసులకు పట్టిస్త, ఏమనుకుంటానవ్."

సంచి పట్టుకుని గుంజాడు. రాళ్లు బండ మీద దొర్లాయి. ఒకటి ఆమె పాదం మీద పడింది.

ఆమె కాలు వంక చూసుకోలేదు. వంగి ఒక్కొక్కటే ఏరుకుంది.

"సార్, ఇడిసిపెట్టుండ్రి. పెద్దమనిషి," అంది సుకన్య.

"ఎట్ల ఇడిసిపెడ్తం? చెమటలు గక్కుకుంట మోసినం."

"ఏడికెళ్లి మోసిండ్రు?" ముసలమ్మ తలెత్తింది. "చెప్పు సారూ. ఏడికెళ్లి?"

"కింద మోదుగుచెట్టు కాడికెళ్లి. ఆడ కుప్ప పడున్నది. ఎవలయి కావు."

"ఎవలయి కావని ఎవల్ని అడిగినవ్?"

రమాకాంత్‌కు కోపం ఇంకాస్త పెరిగింది.

"అడిగేదేంది? రాళ్లకు గూడ అడగాల్నా?"

"రా. చూద్దువు గని."

సంచి నెత్తికెత్తుకుని కుంటుతూ దిగింది. సుకన్య అందుకోబోతే చెయ్యి విసిరికొట్టింది. వెనక దిగుతూ రమాకాంత్ దారంతా తిడుతూనే ఉన్నాడు. సాక్ష్యం ఉంటుందని ఫోన్‌లో వీడియో కూడా తీశాడు.

మోదుగుచెట్టు కింద ఆమె సంచి దించింది.

అక్కడ ఒక పక్కనే రాళ్లు మిగిలాయి. రెండో పక్క మట్టి తేలింది. మట్టి మీద గోళ్ల గీతలు, వాటి మీద ముళ్లకంప.

"నక్కలు తోడుతానయ్," అంది ముసలమ్మ. "పొద్దుగాల నేను పత్తి ఏరబోత. వచ్చి చూసేవరకు రాళ్లు తక్కువైతానయ్. మేకలెంబడి మీదికి పోతే ఆడ కనవడ్డయ్. నేను తెస్తాన, మీరు మల్ల ఎత్తుకపోతాన్రు. మీకేం పాపం చేసినం సారూ?"

రమాకాంత్ అప్పుడు సరిగ్గా చూశాడు. ఆ కుప్ప ఒక మనిషి పొడవుంది.

ఫోన్ జేబులో పెట్టేశాడు.

సుకన్య బూట్లు విప్పి పక్కన పెట్టింది. ఒక రాయి తీసి అందించింది. ఈసారి ముసలమ్మ కాదనలేదు.

"ఎవలమ్మా?" అంది సుకన్య మెల్లగా.

"మా ముసలోడు. వానలు పడంగ జ్వరమచ్చి పోయిండు. ఇవి మా బాయి రాళ్లే. ఆయన తవ్వినయి, నేను మోసుకచ్చి పేర్సిన."

"ఏం పని చేసేటోడు?"

"ఏం పనున్నది? గీ గుట్ట మీద మేకల కాసేటోడు."

రాయి అందించబోయిన సుకన్య చెయ్యి ఆగిపోయింది. రమాకాంత్ వంక చూసింది. ఆయన చూపు మట్టి మీదే ఉంది.

ముసలమ్మ ఇద్దరినీ పట్టించుకోలేదు. కంప తీసి రాళ్లు సర్దుకుంటూ, తనలో తను అనుకున్నట్టే చెప్పింది.

"ఎండకాలం ఎవలో సారును మీదికెళ్లి వీపున మోసుకచ్చిండు. బతికితే జర చెప్పిపోండ్రి అని కారామెకు చెప్పిండట. పాణం పోయేదాక ఒక్కటే అడిగిండు, ఆ సారు బతికిండని ఎవలన్న వచ్చి చెప్పిండ్రా అని."