మోగని తుపాకీ

ఇనుపకడ్డీ తుపాకీ గొట్టంలోకి జారింది. ఖంగుమని మోగాల్సింది, మెత్తగా దిగబడింది.

బోగ్నా కడ్డీని బయటికి లాగేసింది. పాత యుద్ధాలను వేషాలు కట్టి ఆడే ఆటయుద్ధానికి ముందు ప్రతి తుపాకీ ఖాళీయో కాదో చూడడం ఆమె పని. ఈ తుపాకీ తమ్ముడు వితోల్ద్‌ది. మైదానంలో నెపోలియన్ కాలపు బారులు అప్పుడే కదులుతున్నాయి.

"ఏం పెట్టావురా లోపల? ఎవణ్ణి చంపుదామని?"

ఆమె కొక్కెం వేసి లాగింది. మేజోడు ఊడి వచ్చింది.

"ఇది నీదే కదరా! నీ తుపాకీలో నువ్వే కుక్కుకున్నావా?"

అవతల రెండో ప్రపంచయుద్ధం జట్టు ఫిరంగి పేల్చి చూసుకుంది. ఆ మోతకు వితోల్ద్ తల వంచేసి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వాడు అఫ్గానిస్థాన్ యుద్ధం నుంచి వచ్చి ఇంకా నెల కాలేదు.

"తుపాకీ పనికిరాదని చెప్పక్కా. నువ్వే చెప్పు."

ఆమె మేజోడు జేబులో దాచేసి అరిచింది. "దీని చెకుముకి బిగింపు విరిగింది, ఇక పేలదు! వీడు మైదానంలోకి దిగడానికి లేదు!"

"నిజం యుద్ధం చేసొచ్చిన మొనగాడికి బొమ్మ తుపాకీ చూసుకోవడం రాలేదర్రా!" అన్నాడు వరుసలోంచి ఒకడు. అందరూ పగలబడి నవ్వారు.

అందరికన్నా గట్టిగా వితోల్ద్ నవ్వాడు. ఊరొచ్చాక వాడు నవ్వడం అదే మొదటిసారి.